తోక బిరుసు స్కాటిష్ ఫోల్డ్ కూన: ధర తగ్గించినా వద్దు

నల్లగొండలోని ఒక పెట్ షాపులో చెవులు మడిచిన స్కాటిష్ ఫోల్డ్ జాతి పిల్లి కూనను ‘తోక కాస్త బిరుసు, అందుకే తక్కువకే ఇస్తున్నం’ అని అమ్ముతున్నారు. బోను శుభ్రంగా ఉంది, టీకాల కార్డు అడగకుండానే చూపిస్తారు. అంతవరకు మెచ్చుకోవాలి. చిక్కంతా ఆ ‘కాస్త బిరుసు’ దగ్గరే.

చెవి మడతకూ తోక బిరుసుకూ మూలం ఒక్కటే, టీఆర్‌పీవీ4 జన్యువులోని మార్పు. దానివల్ల మృదులాస్థి, అంటే చెవుల్లో, కీళ్లలో ఉండే మెత్తటి ఎముక, సరిగా తయారుకాదు. చెవిలో ముద్దుగా కనిపించేది తోక పూసల్లో, కాళ్ల ఎముకల్లో నొప్పిగా మారుతుంది. ఈ జాతి 1961లో స్కాట్లాండ్‌లో కనిపించిన సూసీ అనే తెల్లపిల్లితో మొదలైంది. బ్రిటన్‌లో పిల్లి జాతులను నమోదు చేసే జీసీసీఎఫ్ 1970ల మొదట్లోనే దీన్ని వద్దనుకుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి ఆ మారిన జన్యువు వచ్చినా ఈ జబ్బుకు చాలు. ఇద్దరి నుంచీ వస్తే చిన్న వయసులోనే కుంటడం మొదలవుతుంది.

కూనను ఒడిలో పెట్టుకొని తోకను మొదలు నుంచి కొస దాకా వేళ్లతో మెల్లగా వంచి చూడండి. బలవంతం చేయొద్దు, నొప్పి పుడుతుంది. మంచి కూన తోక తాడులా తిరుగుతుంది. దీని తోక మొదట్లో లావుగా, కర్రలా ఉంది. తర్వాత పాదాలు చూడండి: వేళ్లు పొట్టిగా, గోళ్లు మందంగా వంకరగా ఉన్నాయంటే ఎముకలకూ పాకినట్టే. చివరగా నేల మీద వదిలి, స్టూల్ ఎత్తున దారం ఆడించండి. ఎగరకుండా చూస్తూ కూర్చుంటే అది బుద్ధిమంతురాలని మురిసిపోవద్దు.

‘పెద్దయితే సర్దుకుంటది’ అన్న మాట తప్పు. వయసుతో ఎముక అదనంగా పెరిగి కీళ్లు ఇంకా బిగుసుకుంటాయి. డబ్బు కట్టకముందే వెనక కాళ్ల మడమలకు ఎక్స్‌రే తీయిస్తామనండి. ఒప్పుకోకపోతే బయటికి వచ్చేయండి.

ఇప్పటికే కొన్నవాళ్లు ఇసుక డబ్బా అంచు తక్కువగా ఉండేలా చూడాలి, మంచం పక్కన మెట్టు వేయాలి, బరువు పెరగనివ్వొద్దు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. నొప్పి మందు పశువైద్యులు రాసిందే వాడాలి. పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు.

అదే ఈతలోని నిటారు చెవుల కూన పక్క బోనులో ఉంది. చెవి మడవలేదంటే సాధారణంగా ఆ మారిన జన్యువు దానికి రానట్టే. పెంచుకోవాలని ఉంటే దాని తోకా పాదాలూ చూసుకొని దాన్నే అడగండి.