కండకా, చర్మానికా? కుక్కకాటు సూదుల్లో ఏది మేలు

ఒకే కుక్క, ఒకే ఉదయం, ఇద్దరిని కరిచింది. కావలికి తూర్పున, సముద్రం వైపు ఉన్న మా ఊరి రొయ్యల చెరువుల గట్టు మీద జరిగిందిది. మొదట కాపలా పెద్దాయన చేతివేళ్ళు పట్టుకుంది. విడిపించడానికి కర్రతో పరిగెత్తిన మా బాబాయి పిక్కను చీల్చింది. ఆ తర్వాత సరుగుడు తోపులోకి దూరి, మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

పెద్దాయన మోటారు దగ్గర చెయ్యి కడుక్కుని, బస్సెక్కి కావలిలో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాడు. బాబాయి కారు తీసి, టౌనులో తనకు తెలిసిన ప్రైవేటు క్లినిక్కుకు వెళ్ళాడు. సాయంత్రం ఇద్దరూ తిరిగొచ్చేసరికి ఊళ్ళో కొత్త పంచాయితీ మొదలైంది. బాబాయికి జబ్బ కండలోకి ఒక సూది. ఇలా ఐదుసార్లు వేయించుకోవాలట. పెద్దాయనకు చెరో జబ్బ మీద దోమ కుట్టినంత చిన్న సూది, నాలుగుసార్లు చాలట. "ఊరికే వేసేది కదా, మందు నాలుగో వంతు కూడా ఎక్కించలేదు" అని బాబాయి తేల్చేశాడు. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి తీర్పు చెప్పే పని నా నెత్తిన పడింది.

ముందుగా పాత భయం ఒకటి వదిలించాలి. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అనే మాట మన వైపు ఇంకా బతికే ఉంది. అది కట్టుకథ కాదు, మా అవ్వ చిన్నతనంలో అవే వేయించుకుంది. హిమాచల్‌లోని కసౌలిలో పనిచేసిన డేవిడ్ సెంపుల్ అనే వైద్యుడు 1911లో వెలువరించిన పద్ధతి అది. రేబిస్ సోకిన జంతువు మెదడులోని వైరస్‌ను ఫినాల్‌తో చంపి టీకాగా వాడేవారు. మన దేశంలో దాన్ని గొర్రె మెదడుతో తయారుచేసేవారు. చిక్కల్లా ఆ మెదడు కణజాలంతోనే. అందులో నరాల పైపొర పదార్థం కూడా ఉంటుంది. దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకున్న శరీరం, కొందరిలో తన సొంత నరాల మీదే దాడికి దిగేది. కుక్క నుంచి బతికి టీకాతో పక్షవాతం తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ టీకాను మన దేశంలో 2004 చివరికి పూర్తిగా ఆపేశారు. ఇరవై ఏళ్ళు దాటినా బొడ్డు సూదుల భయంతో ఆసుపత్రికి వెళ్ళకుండా పసరు పోయించుకునేవాళ్ళు ఉన్నారంటే, ఆ నొప్పి ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు సీసాలో ఉండేది మెదడు కాదు. ప్రయోగశాలలో పెంచిన కణాల్లో వైరస్‌ను పెంచి, చంపి, శుద్ధిచేసిన పొడి. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ చేసే అభయ్‌రాబ్ టీకాకు వీరో కణాలు వాడతారు. రాబిపూర్ అనే ఇంకో టీకాకు కోడిపిండం కణాలు వాడతారు. వీరో అంటే 1962లో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా పచ్చకోతి మూత్రపిండం నుంచి తీసిన కణాల వరస. ఎస్పెరాంతో అనే కల్పిత భాషలో 'పచ్చ మూత్రపిండం' అనే మాటలను కుదించి పెట్టిన పేరు. అదే భాషలో వీరో అంటే సత్యం అని కూడా అర్థమట. కోతి కణాలా, కోడి కణాలా అని మాత్రం ఎవరూ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. రెండూ మంచివే, ఏది దొరికితే అది.

అసలు సంగతేమిటంటే బాబాయికి వేసిందీ, పెద్దాయనకు వేసిందీ ఒకే రకం టీకా. తేడా అంతా ఎంత లోతున దింపారన్నదే. కండకు వేసే పద్ధతిలో ప్రతిసారీ ఒక పూర్తి సీసా, మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కిస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో. చర్మం పొరలోకి వేసే పద్ధతిలో ఒక్కో జబ్బకు 0.1 మిల్లీలీటరు చొప్పున రెండు జబ్బలకూ, 0, 3, 7, 28 రోజుల్లో. మొత్తం కలిపితే 0.8 మిల్లీలీటరు. ఒక మిల్లీలీటరు సీసా అయితే మనిషికి ఒక్కటి కూడా పూర్తిగా ఖర్చు కాదు, అర మిల్లీలీటరు సీసా అయితే రెండు కూడా పట్టవు. కండ పద్ధతిలో ఏ సీసా అయినా ఐదు కావలసిందే. బాబాయి లెక్క ఇక్కడి వరకు నిజమే. మందు తక్కువే ఎక్కింది. ఆయన తప్పు, మందు తక్కువైతే పని కూడా తక్కువే జరుగుతుందని అనుకోవడం.

వలతో చెబితే మా ఊళ్ళో త్వరగా అర్థమవుతుంది. కండలో కాపలా కణాలు పలచగా ఉంటాయి, పెద్ద కన్నుల వల లాగా. అక్కడ నాలుగు చేపలు పడాలంటే బుట్టెడు వదలాలి. చర్మం శరీరానికి సరిహద్దు, అక్కడ సన్నకన్ను వల పరిచి ఉంటుంది. లాంగర్‌హాన్స్ కణాలు, డెండ్రిటిక్ కణాలు అని చేతులు చాచుకుని ఒకదాన్నొకటి తాకేటంత దగ్గరగా కూర్చుని ఉంటాయి. చచ్చిన వైరస్ ముక్కను అవి మింగి, చంకల్లోని లింఫు గ్రంథులకు మోసుకుపోయి, వైరస్‌ను పట్టి ఆపే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారుచేసే కణాలకు చూపిస్తాయి. అందుకే కొంచెం మందుతోనే పని జరుగుతుంది. రక్తంలో ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు 0.5 యూనిట్లు దాటితే టీకా పట్టినట్టు లెక్క. ఏ దారిన వేసినా సరిగ్గా వేస్తే పద్నాలుగో రోజుకల్లా ఆరోగ్యవంతులు ఆ గీత దాటతారు. మన దేశంలో చర్మం పద్ధతికి అనుమతి వచ్చింది 2006లో. అంతకుముందే థాయిలాండ్‌లో దాన్ని ఏళ్ళ తరబడి వాడి చూశారు. కనుక ఇది పేదవాళ్ళ కోసం పలచన చేసిన టీకా కాదు.

ఇక్కడితో తీర్పు అయిపోయేదే. రెండో రోజు సాయంత్రం బాబాయి చీటీ తీసి చూశాను. ఐదు తేదీలు, ధనుర్వాతం సూది, యాంటీబయాటిక్ మాత్రలు ఉన్నాయి. సీరం ఊసే లేదు. పిక్క చీరుకుపోయి నెత్తురు కారిన గాయానికి! "సీరమా? అదేమిటి?" అన్నాడు బాబాయి. పెద్దాయన చీటీలో మాత్రం మొదటి రోజు గడిలోనే సీరం అని రాసి, టిక్కు పెట్టి ఉంది. డబ్బు పెట్టి కొనుక్కున్న వైద్యంలో సగం లేదు, ఊరికే వచ్చిన వైద్యం నిండుగా ఉంది.

కండకా చర్మానికా అన్న తగువులో మనం మరిచిపోయేది ఇదే. టీకా వేసినంత మాత్రాన రక్షణ ఆ పూటే రాదు, వారం పది రోజులు పడుతుంది. ఈలోగా వైరస్ ఊరుకోదు. గాయం దగ్గర నరం కొస కండను తాకే చోట లోపలికి దూరుతుంది. నరకణం లోపల సూక్ష్మనాళికలని సన్నటి పట్టాలు ఉంటాయి. వాటి మీద డైనీన్ అనే ప్రోటీను సరుకు మోస్తూ ఉంటుంది. వైరస్ ఆ బండి ఎక్కి, రోజుకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల దాకా వెన్నుపాము వైపు, అక్కడి నుంచి మెదడుకు పాకుతుంది. పట్టాలెక్కాక ప్రతిరక్షకాలకు అది చిక్కదు. నీళ్ళంటే భయం మొదలయ్యాక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. చాలామందిలో రెండు మూడు నెలల గడువు ఉంటుంది కానీ ముఖం, చేతివేళ్ళ లాంటి నరాలు దట్టంగా ఉన్న చోట కరిస్తే ఆ గడువును నమ్ముకోవడం పిచ్చితనం.

సీరం అంటే సిద్ధంగా తయారుచేసిన ప్రతిరక్షకాలు. మన శరీరం తన సొంత సైన్యాన్ని దింపేలోపు గాయం దగ్గర కాపలా కాసే కిరాయి సైన్యం అనుకోవచ్చు. చర్మం చీల్చి నెత్తురు వచ్చిన ప్రతి కాటుకూ, పుండు మీద నాకినా కూడా, ఇది కావాలి. పైపైన గీరుకుని నెత్తురు రాకపోతే టీకా చాలు. చెక్కుచెదరని చర్మం మీద నాకితే కడుక్కుంటే సరిపోతుంది. మొదటి టీకా వేసిన ఏడు రోజుల్లోపే సీరం వేయాలి. ఆ తర్వాత వేస్తే మన శరీరం సొంతంగా చేసుకునే పనికి అడ్డం వస్తుంది.

మూడో రోజు పొద్దున్నే ఇద్దరినీ వెంటబెట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాను. బాబాయిని తూకం వేశారు, 75 కిలోలు. అక్కడ ఉన్నది గుర్రపు సీరం. కిలోకు 40 యూనిట్ల చొప్పున 3000 యూనిట్లు. సీసాలో మిల్లీలీటరుకు 300 ఉంటాయి కనుక పది మిల్లీలీటర్లు. దాన్ని జబ్బకు వేయరు, గాయంలోనూ గాయం చుట్టూ పట్టినంత ఎక్కిస్తారు. బాబాయి బల్ల అంచు పట్టుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. పెద్దాయన మొదటి రోజున వేళ్ళలో వేయించుకున్నాడు. వేలిలో చోటెక్కడుంది? ఆ నొప్పి గురించి అడిగితే ఆయన తల మాత్రం ఊపాడు.

మనిషి రక్తం నుంచి తీసిన సీరమైతే కిలోకు 20 యూనిట్లు చాలు, ధర మాత్రం చాలా ఎక్కువ. గుర్రపు సీరానికి అలర్జీ వస్తుందన్న భయం పాతకాలపు ముడి సీరంతో వచ్చింది. ఇప్పటిది బాగా శుద్ధిచేసినది. అలర్జీ వస్తే వేయడానికి అడ్రినలిన్ మందు దగ్గర పెట్టుకుని వేస్తే చాలు. 2017 నుంచి మన దేశంలో ప్రయోగశాలలో చేసిన మోనోక్లోనల్ ప్రతిరక్షకాలు కూడా దొరుకుతున్నాయి. గుర్రంతో గానీ రక్తదాతతో గానీ పని లేదు. మూడింటిలో ఏది అని నన్నడిగితే, ఈ పూట ఆసుపత్రిలో ఏది ఉంటే అది. మంచిది కోసం రెండు రోజులు ఆగడం కంటే చేతిలో ఉన్నది ఎక్కించుకోవడం మేలు.

పెద్దాయన రెండో విడత సూదిని ఆ రోజు దగ్గర నుంచి చూశాను. సిస్టరమ్మ ఇన్సులిన్ సిరంజిలాంటి సన్నది తీసుకుని, జబ్బ చర్మాన్ని బొటనవేలితో బిగించి, సూదిని దాదాపు పడుకోబెట్టి దూర్చింది. మందు వెళ్తూ ఉండగానే చర్మం తెల్లగా ఉబ్బింది. కందిగింజంత బుడిపె, పైన నారింజ తొక్క మీద ఉన్నట్టు చిన్న చిన్న గుంటలు. "ఈ బుడిపె రాకపోతే లోతుకు పోయినట్టండీ, పక్కన మళ్ళీ వేయాలి" అంది. పిల్లలకు బీసీజీ వేసిన చేతులకు ఇది కొత్త కాదు. చర్మం పద్ధతి నిలబడేదీ, కూలేదీ ఈ బుడిపె దగ్గరే. కాబట్టి వేయించుకునేవాళ్ళు తల పక్కకు తిప్పుకోకుండా చూసుకోవాలి. కండ పద్ధతిలో చూసుకోవలసింది వేరు. పెద్దవాళ్ళకు జబ్బకే, పసిపిల్లలకు తొడ ముందువైపే వేయాలి. మనవాళ్ళకు అలవాటైన పిరుదు సూది ఇక్కడ పనికిరాదు, అక్కడి కొవ్వులో మందు చిక్కుకుపోతుంది.

ఇన్ని చెప్పాక నా మొగ్గు చర్మం వైపేనని తెలిసిపోతుంది. బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చేవాడికి ఐదుసార్లకు బదులు నాలుగుసార్లు అంటే చిన్న సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో 0, 3, 7 రోజులతోనే ముగిసే వారం పద్ధతిని కూడా ఒప్పుకుంది. మన దగ్గర 28వ రోజు సూది కొనసాగుతోంది, దాన్ని ఎగ్గొట్టకూడదు. అయితే కండ పద్ధతే మేలైన సందర్భాలూ ఉన్నాయి. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు, మలేరియాకు క్లోరోక్విన్ మింగుతున్నవాళ్ళు కండకే వేయించుకోవాలి. ఇంకొకటి, విప్పిన సీసాను ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు వాడేయాలి, అదీ చల్లగా ఉంచి. రోజూ పదిమంది కుక్కకాటు వాళ్ళు వచ్చే ఆసుపత్రిలో చర్మం పద్ధతితో సీసా చుక్క మిగలదు. వారానికొకరు వచ్చే క్లినిక్కులో మిగిలినదంతా పారబోయడమే. ప్రైవేటులో కండకు వేయడం వెనుక మోసం ఉందని అనుకోనక్కర్లేదు, చాలాచోట్ల కారణం ఇదే. అలాగని "ఇంకొకరు రానీ, సీసా విప్పుదాం" అని కరిచినవాణ్ణి రేపు రమ్మనడం మాత్రం ఎక్కడైనా తప్పే.

టీకాకూ సీరానికీ ముందు వచ్చేది పావలా సబ్బుముక్క. రేబిస్ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు దాన్ని కరిగిస్తుంది. పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. పెద్దాయన మోటారు నీళ్ళతో కడిగాడు కానీ సబ్బు లేదు. ఆసుపత్రిలో మళ్ళీ కడిగించారు. బాబాయి గాయానికి మా పిన్ని పసుపు, సున్నం కలిపి పెట్టింది. అది కడిగి వదిలించడానికి సిస్టరమ్మ పడ్డ పాట్లు నేను చూశాను.

మిగతా సూదులు కూడా ఇక్కడే వేయించుకుంటానని బాబాయి అప్పుడే గొడవ మొదలుపెట్టాడు. మధ్యలో దారి మార్చడం మంచిది కాదు, తప్పనిసరైతే మార్చినా మొదటి నుంచి వేయనక్కర్లేదు అని డాక్టరుగారు చెప్పి పంపారు. కనుక కండ సూదులు క్లినిక్కులోనే పూర్తయ్యాయి. 28వ రోజు సాయంత్రం ఇద్దరూ చీటీలు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చారు.

"మళ్ళీ ఎప్పుడైనా కరిస్తేనో?" అన్నాడు బాబాయి.

ఈసారి సీరం అక్కర్లేదు, 0, 3 రోజుల్లో రెండుసార్లు వేయించుకుంటే చాలు, కండకైనా చర్మానికైనా సరే అన్నాను. చీటీలు మాత్రం పారేయకండి, అవి చూపిస్తేనే ఈ లెక్క.

"అయితే ఆ సిస్టరమ్మ దగ్గరికే పోదాం" అన్నాడు బాబాయి, పిక్క తడుముకుంటూ. "ఆమె హస్తవాసి మంచిది."

పెద్దాయన తన చీటీని ప్లాస్టిక్ కవరులో మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.