సీడ్ మనీయా, బయటి ప్రాజెక్టా: కొత్తగా చేరిన మాస్టార్లకు ఏది మేలు?

జూన్ చివర్లో యూనివర్సిటీ సీడ్ మనీ సర్క్యులర్ వస్తుంది. సీడ్ మనీ అంటే పరిశోధన మొదలుపెట్టడానికి యూనివర్సిటీ తన అధ్యాపకులకి సొంత డబ్బులోంచి ఇచ్చే చిన్న గ్రాంటు. ఆ వారం నుంచి కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఒక్కొక్కరే నా గదికి వస్తారు. టీ తాగుతారు, పిల్లల స్కూలు ఫీజుల గురించి మాట్లాడతారు, లేవబోతూ అసలు సంగతి తీస్తారు. "సార్, రెండు లక్షల కోసం ఇంత రాయాలా? ఆ కష్టమేదో ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కే పడితే పోలా?"

ఏఎన్‌ఆర్‌ఎఫ్ అంటే పరిశోధన ప్రాజెక్టులకి డబ్బిచ్చే కేంద్ర సంస్థ. ఈ ఏడు అలా ముగ్గురు వచ్చారు. ఒకరిది కెమిస్ట్రీ, ఒకరిది కంప్యూటర్ సైన్స్, మూడో ఆవిడ తెలుగు శాఖ. ముగ్గురికీ ఒకే మాట చెప్పలేకపోయాను.

మా తరానికి ఈ చిక్కు లేదు. యూజీసీ మైనర్ రీసెర్చ్ ప్రాజెక్టులుండేవి. డిగ్రీ కాలేజీ లెక్చరర్ కూడా ధైర్యంగా రాసి పంపేవాడు. 12వ ప్రణాళికలో సైన్సుకి 5 లక్షల దాకా, ఆర్ట్స్‌కి 3 లక్షల దాకా ఇచ్చారు. పంచవర్ష ప్రణాళికలతో పాటే అవీ పోయాయి. 2022లో యూజీసీ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల కోసం డి.ఎస్. కొఠారీ పేరుతో 10 లక్షల గ్రాంటు ప్రకటించింది గానీ, అది దేశం మొత్తమ్మీద 132 మందికి. కాబట్టి ఇప్పుడు కింద సీడ్ మనీ, పైన ఏఎన్‌ఆర్‌ఎఫ్. మధ్యలో మెట్టు విరిగిపోయింది.

పై మెట్టు ఎత్తు సంగతి అందరికీ తెలిసిందే. 2023 చట్టంతో, అంతకుముందు ఈ ప్రాజెక్టులిచ్చిన సెర్బ్ వెళ్లి ఏఎన్‌ఆర్‌ఎఫ్‌లో కలిసింది. వాళ్ల ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ గ్రాంటు మూడేళ్లకు 60 లక్షల దాకా. సెర్బ్ రోజుల్లో స్టేట్ యూనివర్సిటీలకని పెట్టిన ష్యూర్ పథకమైతే మూడేళ్లకు 30 లక్షలు. మరి సీడ్ మనీ? నేను పనిచేసిన చోట్ల లక్షకి తగ్గలేదు, 5 లక్షలు దాటలేదు. సొమ్ము చూసి తేల్చుకునేటట్టయితే ఈ వ్యాసమే అక్కర్లేదు.

నా మటుకు నేను ఒక్కటే చూస్తాను. ఆ డబ్బుతో మనిషిని పెట్టుకోవచ్చా, లేదా?

యూజీసీ లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన. ఖాళీలు భర్తీ కాని శాఖల్లో అది 16 దగ్గర ఆగదు. పైగా ఇన్విజిలేషన్, పేపర్లు దిద్దడం, అడ్మిషన్లు, ఎన్ఎస్ఎస్ క్యాంపు. ల్యాబ్‌లో రోజూ నిలబడి పనిచేసే చేతులు మనవి కావు, ఇంకొకరివి కావాలి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కి, అంటే ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ రీసెర్చ్ ఫెలోకి, నెలకి 37,000. హెచ్ఆర్ఏ కలపకుండానే ఏడాదికి 4,44,000. అంటే పెద్ద యూనివర్సిటీ ఇచ్చే 5 లక్షల సీడ్ మనీ ఒక కుర్రాడి ఒక ఏడాది జీతానికి సరి. బీకర్ కూడా కొనలేం. అందుకే చాలా చోట్ల సీడ్ మనీ నిబంధనల్లో మనుషుల జీతాలకి వాడకూడదని ముందే రాసేస్తారు. బయటి ప్రాజెక్టు అసలు బలం పరికరాల్లో లేదు, ఆ జేఆర్‌ఎఫ్‌లో ఉంది. మీరు క్లాసులో ఉన్నప్పుడు కూడా పని నడుస్తుంది.

కాబట్టి అడగాల్సింది ఇదీ: మీ పని ఒంటిచేత్తో అయ్యేదా, కాదా? ఒంటిచేత్తో అయ్యే పని అయితే నేను కళ్లు మూసుకుని సీడ్ మనీ అంటాను.

నా సంగతే చెప్తాను. అప్పట్లో నేను ఉన్న చోట ఒకటిన్నర లక్ష ఇచ్చారు. నీళ్లలో ఫ్లోరైడ్ కొలిచే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ ఒకటి, బఫర్ ద్రావణానికి రసాయనాలు, ప్లాస్టిక్ సీసాలు, జీపు కిరాయి. అంతే. ఎండాకాలం సెలవుల్లో నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్లు తిరిగి బోరుబావుల నీళ్లు పట్టుకొచ్చాను. ఆ ప్రాంతంలో ఫ్లోరైడ్ ఉందని చెప్పడానికి ఎవరి గ్రాంటూ అక్కర్లేదు, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన బావులు అక్కడ కొత్త కాదు. నాకు కావలసింది వేరే: పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో అంకెలు అంత తేడాగా ఎందుకున్నాయన్నది. ఆ ఎండాకాలం లెక్కలతో ఒక చిన్న పేపరు వచ్చింది. రెండేళ్ల తర్వాత బయటికి ప్రొపోజల్ రాసినప్పుడు మొదటి పేజీలో పెట్టడానికి నా సొంత గ్రాఫ్ ఒకటి ఉంది. ఇంటర్వ్యూలో కమిటీ ఆ గ్రాఫ్ మీదే అరగంట అడిగింది. అంతకుముందు గ్రాఫ్ లేకుండా పంపిన ప్రొపోజల్‌కి ఒక్క వాక్యంతో తిరుగు టపా వచ్చింది.

ఇంకో సంగతి. నేను అనుకున్న కారణం తప్పని ఆ సీసాలే తేల్చాయి. 30 లక్షల ప్రాజెక్టులో రెండో ఏడాది అది తేలి ఉంటే ప్రోగ్రెస్ రిపోర్టులో ఏం రాయాలో తెలియక రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఒకటిన్నర లక్షలో తేలింది కాబట్టి నవ్వుకుని ప్రశ్న మార్చుకున్నాను.

ఇంత మెచ్చుకున్నాను గనక దాని తెగులు కూడా చెప్పాలి. సీడ్ మనీకి పెద్ద శత్రువు మార్చి 31. ఇంకో చోట, ఇంకో ఏడు, శాంక్షన్ ఆర్డర్ నవంబరులో చేతికిచ్చారు. మూడు కొటేషన్లు తెచ్చేసరికి సంక్రాంతి. పర్చేజ్ కమిటీ ఫిబ్రవరిలో కూర్చుంది. పరికరం ఏప్రిల్ మొదటి వారంలో దిగింది. అప్పటికే డబ్బు జనరల్ ఫండ్‌లో కలిసిపోయింది. సప్లయర్ ఫోన్లు ఎత్తలేక ఆ వేసవంతా టెన్షన్ పడ్డాను. బయటి ప్రాజెక్టుల్లోనూ మార్చి 31 భయం ఉంది. సెర్బ్ చివరి రోజుల నుంచి ఖర్చు కాని డబ్బు నిలవని జీరో బ్యాలెన్స్ ఖాతాలు వచ్చాక ఇంకా పెరిగింది. కానీ అక్కడ మూడేళ్ల ప్రాజెక్టు కాబట్టి ఒక ఏడు జారినా ఇంకో ఏడుంటుంది. పైగా 2025 జూన్‌లో కేంద్రం తన శాస్త్ర సంస్థలకి కొనుగోళ్లు కాస్త సులువు చేసింది. కొటేషన్లు లేకుండా 2 లక్షల దాకా కొనొచ్చు, సంస్థ అధిపతి సరేనంటే ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ బయట కూడా. స్టేట్ యూనివర్సిటీ సొంత డబ్బుకి ఆ సడలింపు దానంతటది రాదు, మన అకౌంట్స్ సెక్షన్ పాత రూలు పుస్తకమే తీస్తుంది. అందుకే సీడ్ మనీతో పెద్ద పరికరం కొనొద్దంటాను. సీసాలు కొనండి, రసాయనాలు కొనండి, ప్రయాణాలు చేయండి. పరికరం కావాలంటే పక్క శాఖలో ఉన్నది అడుక్కోండి.

ప్రమోషన్ లెక్కలు అడగనివాళ్లుండరు. 2018 యూజీసీ రెగ్యులేషన్స్ పట్టికలో పూర్తయిన ప్రాజెక్టు 10 లక్షలు దాటితే 10 పాయింట్లు, లోపైతే 5. నడుస్తున్నదైతే 5, 2. అదే పట్టికలో ఒక పేపరుకి సైన్సులో 8, ఆర్ట్స్‌లో 10. అంటే సీడ్ మనీ వల్ల వచ్చే ఒక్క పేపరు ఆ సీడ్ మనీ కంటే ఎక్కువ పలుకుతుంది. అదీకాక కొన్ని చోట్ల స్క్రీనింగ్ కమిటీ లోపలి గ్రాంటుని ప్రాజెక్టుగా ఒప్పుకోదు. ముందే మీ సంస్థలో నాణ్యత లెక్కలు చూసే ఐక్యూఏసీలో అడిగి పెట్టుకోండి. కాలేజీలకి, యూనివర్సిటీలకి గ్రేడులిచ్చే న్యాక్‌కి మాత్రం అది తీపి. మూడో క్రైటీరియన్‌లో అధ్యాపకులకి సీడ్ మనీ ఎంతిచ్చారని విడిగా ఒక అంశమే ఉంది. న్యాక్ రిపోర్టు దగ్గరపడే ఏడాదిలో సర్క్యులర్ ఎందుకంత ఉత్సాహంగా వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఏడాది తప్పకుండా అప్లై చేయండి!

మిగతావి రెండు ముక్కల్లో. సోషల్ సైన్సెస్ వాళ్లకి ఆ పరిశోధనలకే డబ్బిచ్చే ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఉంది, దాని దక్షిణ ప్రాంత కేంద్రం ఉస్మానియా క్యాంపస్‌లోనే, ఒకసారి వెళ్లి మాట్లాడి రండి. కన్సల్టెన్సీ డబ్బు మంచిదే గానీ ప్రశ్న డబ్బిచ్చినవాళ్లదవుతుంది. జేబులోంచి పెట్టుకోవడం అందరం చేసిందే, దాని గురించి ఇంట్లో చర్చించుకోవాలి.

ఇక ఆ ముగ్గురి సంగతి. కెమిస్ట్రీ అతనిది సింథసిస్, అంటే రసాయనాలు తయారుచేసే పని, రోజూ పది గంటలు ల్యాబ్‌లో నిలబడాలి. అతను నేరుగా ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కి రాయడమే మేలన్నాను, పీహెచ్‌డీ నాటి డేటా ఎలాగూ ఉంది. కంప్యూటర్ సైన్స్ అతను సీడ్ మనీతో ఏఐ పనులకి వాడే జీపీయూ చిప్ కొంటానన్నాడు. వద్దన్నాను. రెండు లక్షలకి వచ్చేది రెండేళ్లలో పాతబడుతుంది, కేంద్రం ఇండియా ఏఐ మిషన్ కింద తక్కువ అద్దెకి దొరికేటప్పుడు కొనడం దేనికి?

తెలుగు శాఖ ఆవిడది పాలమూరు వైపు నాట్ల పాటలు రికార్డు చేసే పని. ఒక రికార్డరు, మంచి మైకు, బస్సు చార్జీలు, పాడిన ఆడవాళ్లకి ఆ రోజు కూలి. జేఆర్‌ఎఫ్ అక్కర్లేదు, పరాయి మనిషి వెంట ఉంటే వాళ్లు పాడరు కూడా. సీడ్ మనీకి ఇంతకన్నా తగిన పని నేను చూడలేదు. ఒక్కటే అడ్డం. వానాకాలం నాట్లు జులై, ఆగస్టుల్లో. ఆర్డర్ వచ్చేది నవంబరులో. ఆర్డర్ తేదీకి ముందు పెట్టిన ఖర్చుకి బిల్లు పాస్ కాదు. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే యాసంగి నాట్లకి రాస్తాను సార్, జనవరిలో పడతాయి, మార్చిలోపు ఖర్చు లెక్కల యూసీ ఇచ్చేయొచ్చు" అని కాగితాలు తీసుకుని వెళ్లింది. ప్రొపోజల్ మొన్న సోమవారం డీన్ ఆఫీసులో ఇచ్చిందట. కూలి డబ్బుని ఏ పద్దు కింద చూపాలని వాళ్లు అడిగారట. "ఫీల్డ్ వర్క్" అని రాయమన్నాను.