ఐఎల్ట్స్ స్పీకింగ్ బ్యాండ్ల పట్టిక: ఏడేళ్లు వాడాక

గుంటూరు బ్రాడీపేటలో స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. నా దగ్గరికి విదేశాలకు వెళ్లేవాళ్లు తక్కువ. డిగ్రీ పూర్తిచేసి ఇంటర్వ్యూలకు తిరిగే తెలుగు మీడియం పిల్లలే ఎక్కువ. అయినా వాళ్లు ఎలా మాట్లాడుతున్నారో అంచనా వేయడానికి ఏడేళ్లుగా, విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఎల్ట్స్‌లోని స్పీకింగ్ పరీక్ష బ్యాండ్ల పట్టికనే వాడుతున్నాను. బ్యాండ్ అంటే తొమ్మిది దాకా ఉండే స్థాయి; ఏ స్థాయివాళ్లు ఎలా మాట్లాడతారో ఈ పట్టిక చెబుతుంది. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

అంతకుముందు తప్పులు లెక్కపెట్టేదాన్ని. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తూ, తప్పు దొర్లిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత పెట్టేదాన్ని. దాంతో నాలుగు ముక్కలు జాగ్రత్తగా చెప్పి ఊరుకున్నవాళ్లకు మంచి మార్కులు, ధైర్యం చేసి పది సంగతులు చెప్పినవాళ్లకు తక్కువ మార్కులు పడేవి. అలా ఎంతమంది నోళ్లు మూయించానో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఈ పట్టికలో గ్రామర్‌ది నాలుగో వంతు మాత్రమే. తడుముకోకుండా పొంతనగా మాట్లాడటం, పదసంపద, ఉచ్చారణ, ఈ మూడింటికీ దానితో సమానంగా విలువ ఉంది. ఆ తేడా ఎంత పెద్దదో దుగ్గిరాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయితో తెలిసింది. నీకు ఇష్టమైన చోటు గురించి చెప్పమని క్యూ కార్డ్ (మాట్లాడాల్సిన అంశం రాసిన చీటీ) ఇచ్చాను. పరీక్షలో లాగే ఒక నిమిషం ఆలోచించుకుని, రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. వాళ్ల పసుపు కళ్లం గురించి మొదలుపెట్టింది. కళ్లానికి ఇంగ్లిష్ మాట తెలియక ఒక్క క్షణం ఆగి, ‘ద బిగ్ ఫ్లోర్ వేర్ వుయ్ డ్రై టర్మరిక్’ అంది. పాత లెక్కలో అది పదం రాలేదని ఒక గీత. పట్టికలో మాత్రం, తెలియని మాటను తెలిసిన మాటలతో చాలావరకు చెప్పగలగడం ఆరో బ్యాండ్ లక్షణం. ‘మై గ్రాండ్‌మదర్ ఈజ్ హావింగ్ టూ ఎకర్స్’ అని కూడా అంది. ఆ తప్పు గ్రామర్ గడిలో పడింది, మిగతా మూడు గడులనూ పాడుచేయలేదు.

ఉచ్చారణ దగ్గర కూడా యాస ఉందా అని కాదు, వినేవాళ్లకు ఎంత కష్టమవుతోందని చూడాలి. మనవాళ్లు చాలామంది చెవినీ సంవత్సరాన్నీ ఒకేలా ‘ఇయర్’ అంటారు. ‘లాస్ట్ ఇయర్’ అంటే ఎవరూ తికమకపడరు కాబట్టి వదిలేస్తాను. ప్రతి మాట చివరా అచ్చు చేర్చి ‘బుక్కు’, ‘టెస్టు’ అంటూ పోతే మాత్రం వాక్యం లయ చెడి, తెలుగు రానివాళ్లు మళ్లీ అడగాల్సి వస్తుంది. అది రాసుకుంటాను.

నా పిల్లలకు ఈ పట్టిక ఒక్కటే చాలదు. మూడో బ్యాండ్ నుంచి నాలుగుకు రావడానికే నెలలు పడుతుంది. ఈలోగా ‘మేడమ్, నేనేం ఇంప్రూవ్ అవలేదా?’ అని దిగులుపడతారు. అందుకే చేరిన రోజు మాటల్ని ఫోన్‌లో రికార్డ్ చేసి ఉంచి, రెండు నెలలయ్యాక కొత్తదాని పక్కన పెట్టి వినిపిస్తాను. బ్యాండ్ మారకపోయినా మధ్యలో ఆగడం తగ్గిన సంగతి వాళ్లకే తెలిసిపోతుంది. గ్రూప్ డిస్కషన్‌లో నలుగురి మధ్య మాట అందుకోవడం లాంటివి విడిగా చూసుకోవాల్సిందే.

బట్టీ పట్టి వచ్చేవాళ్ల దగ్గర పరీక్ష మూడో భాగం పద్ధతి బాగా పనికొస్తుంది. చెప్పినదాని మీదే ‘ఎందుకలా?’ అని రెండు ప్రశ్నలు వేస్తే అసలు స్థాయి బయటపడుతుంది.

ఇంకో సంగతి. రాత్రి ఆఖరి బ్యాచ్ అయ్యాక ఐదు ఇచ్చిన రికార్డింగ్‌కే మర్నాడు పొద్దున విని ఆరు ఇచ్చాను. అప్పటినుంచి నేనూ ఇంకో టీచరూ రికార్డింగులు మార్చుకుంటున్నాం. ఒక బ్యాండ్ తేడా వస్తే కలిసి కూర్చుని మళ్లీ వింటాం.

కొత్తగా వాడేవాళ్లు మొదటిసారి వినేటప్పుడు గ్రామర్ గడి మీద ఒక కాగితం కప్పండి. మిగతా మూడూ నింపాక కాగితం తీసి, రెండోసారి వినండి.