పెట్టె మీద వంద కోట్లు, లోపల లక్ష: డిజిటల్ స్కోపు కొనేవాళ్లు జాగ్రత్త

విజయవాడ గవర్నర్‌పేట కొట్లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా సరే, చవక డిజిటల్ ఆసిల్లోస్కోపు (కరెంటు సిగ్నల్‌ను తెర మీద అలగా చూపే పరికరం) పెట్టె మీద ‘100 మెగాహెర్ట్జ్, సెకనుకు 1 గిగా శాంపిళ్లు’ అని కనిపించగానే డబ్బు కట్టేయకండి. ఆ గిగా, అంటే సెకనుకు వంద కోట్ల కొలతలు, టైమ్‌బేస్ (స్క్రీన్‌లో ఒక్కో గడికి, అంటే డివిజన్‌కు, ఎంత సమయమో పెట్టే సెట్టింగు) బాగా వేగంగా పెట్టినప్పుడే వస్తుంది. రెండో ఛానల్ ఆన్ చేస్తే చాలా మోడళ్లలో అదీ సగానికి పడిపోతుంది. అసలు కొంప ముంచేది మెమరీ డెప్త్, అంటే స్కోపు ఒక్కసారికి దాచుకోగల పాయింట్ల సంఖ్య. ఆ అంకెను మాత్రం పెద్దక్షరాల్లో వేయరు.

లెక్క చూడండి. మెమరీ 10 వేల పాయింట్లు అనుకుందాం. డివిజన్‌కు 10 మిల్లీసెకన్లు పెడితే 10 డివిజన్ల స్క్రీన్‌కు 100 మిల్లీసెకన్లు. అంటే 10 మైక్రోసెకన్లకు ఒక పాయింటు, సెకనుకు లక్ష. వంద కోట్లు కాస్తా లక్షకు దిగింది! అందులో సగం, అంటే 50 కిలోహెర్ట్జ్ దాటిన సిగ్నల్ ఏదైనా తప్పుడు ఫ్రీక్వెన్సీలో తేలుతుంది. 65 కిలోహెర్ట్జ్ ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) సిగ్నల్ 35గా కనిపిస్తుంది. అదే 100.1 కిలోహెర్ట్జ్ అయితే అచ్చం 100 హెర్ట్జ్‌లా, డివిజన్‌కు ఒక అల చొప్పున నింపాదిగా వస్తుంది. బ్రిడ్జ్ రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) తర్వాత మిగిలే హెచ్చుతగ్గులు, అంటే రిపుల్, కూడా 100 హెర్ట్జే కదా. ఇంకేం, ఫిల్టర్ కెపాసిటర్ పోయిందనుకుని బాగున్నదాన్ని పీకేస్తారు.

ఆటోనగర్‌లో ఈసీయూ (బండిలోని కంప్యూటర్) పని చేసేవాళ్లకు ఇంకా ఇబ్బంది. ఈసీయూలు మాట్లాడుకునే, సెకనుకు 500 కిలోబిట్ల క్యాన్ లైనులో ఒక్కో బిట్ 2 మైక్రోసెకన్లే. ఇదే సెట్టింగులో పాయింటుకూ పాయింటుకూ మధ్య ఐదేసి బిట్లు జారిపోతాయి.

బిల్లు రాయకముందే కొట్లో సిగ్నల్ జనరేటర్ అడిగి 100.1 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ ఇచ్చి, డివిజన్‌కు 10 మిల్లీసెకన్లు పెట్టండి. స్క్రీన్ నిండా దళసరి పట్టీ వస్తే సరే. ట్రిగ్గర్‌కు (అలను స్క్రీన్ మీద నిలిపే ఏర్పాటు) నిలవకుండా జారే సన్నటి అల వస్తే అది దొంగ అల, మెమరీ చాలదన్నమాట. అప్పుడు టైమ్‌బేస్ నాబ్‌ను డివిజన్‌కు 2 మైక్రోసెకన్ల దాకా తిప్పితే, అసలు సిగ్నల్ రెండు అలలుగా నిలబడుతుంది. ఇదంతా రన్‌లో ఉండగానే చేయాలి. స్టాప్ నొక్కి జూమ్ చేస్తే, తీయని పాయింట్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఆటో బటన్‌నూ నమ్మకండి, ఒక్కోసారి అదీ దొంగ అలనే పట్టుకుంటుంది. పీక్ డిటెక్ట్ మోడ్ (పాయింటుకూ పాయింటుకూ మధ్య వచ్చే గరిష్ఠ, కనిష్ఠాలనూ పట్టేది) పెడితే ఆ సన్నటి అల పట్టీగా మారిపోతుంది. ఆ మోడ్ లేని స్కోపు రిపేరు పనికి దండగ.

బ్యాండ్‌విడ్త్ (పెట్టె మీది ఆ 100 మెగాహెర్ట్జ్, అంటే ఎంత ఫ్రీక్వెన్సీ దాకా లోపలికి వస్తుందో) చూడడానికి ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు ఒకటి జేబులో వేసుకెళ్లండి. టైమర్ 1తో 9వ పిన్ మీద 8 మెగాహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ వస్తుంది. ప్రోబ్ (సిగ్నల్‌ను స్కోపుకు తెచ్చే తీగ) మీది స్విచ్చిని 10ఎక్స్‌లోనే పెట్టాలి. 1ఎక్స్‌లో మామూలు ప్రోబులు 10 మెగాహెర్ట్జ్ కూడా దాటవు, కొట్టువాడిని అనవసరంగా అన్నట్టవుతుంది. గ్రౌండ్ వైరు పొట్టిగా ఉండాలి. మూలలు పూర్తిగా అరిగిపోయి సైన్ వేవ్‌లా వస్తే, 24 మెగాహెర్ట్జ్ దగ్గరుండే మూడో హార్మోనిక్ (స్క్వేర్ వేవ్‌లో దాగుండే, మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ అల) లోపలికి రావట్లేదు. ఇక 100 ఎక్కడిది?

‘ఈక్వివలెంట్ శాంపిలింగ్’ అన్న మాట చిన్నక్షరాల్లో కనిపిస్తే ఆగండి. మళ్లీ మళ్లీ ఒకేలా వచ్చే సిగ్నల్‌కే ఆ వేగం, ఒక్కసారి వచ్చి పోయే స్పైకు దానికి దొరకదు.

రియల్ టైమ్ శాంపిల్ రేటు, మెమరీ డెప్త్ రెండూ బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే పక్క కొట్టుకు వెళ్లండి.