కాన్ జో మడ అడవి డే టూర్: మూడు స్టార్లు

వియత్నాంలోని హోచిమిన్ సిటీ నుంచి ఒక ట్రావెల్స్ వాళ్ళ బస్సులో వెళ్ళాను. గంట లేటు, ఏసీ అంతంతమాత్రం. ఒక స్టార్ అక్కడే పోయింది.

పడవ ఎక్కాక చిరాకు మర్చిపోయాను. బురదలోంచి వేళ్ళు వంగిన కర్రల్లా లేచి ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి. ఎప్పటిదో పాత అడవి అనుకున్నాను. కాదట. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం చల్లిన ఏజెంట్ ఆరెంజ్ లాంటి, చెట్ల ఆకులు రాల్చే మందులకి ఇక్కడి మడ చాలావరకు మాడిపోయింది. 1978 నుంచి జనం బురదలో దిగి మళ్ళీ నాటారు. 2000లో యునెస్కో దీన్ని జీవావరణ రిజర్వుగా గుర్తించింది. ఏజెంట్ ఆరెంజ్ పీపాల మీద నారింజ గీత ఉండేది కాబట్టి ఆ మందుకి ఆ పేరు.

అందులోని డయాక్సిన్ అనే విషం మనుషుల్ని ఏం చేసిందని అడిగితే, గైడ్ "కోతుల దగ్గరికి టైమైంది" అన్నాడు. రెండో స్టార్ దానికి. కోతి నా కళ్ళజోడు లాక్కుంది, దాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.