సీల్ మార్చినా ఆగని ఆయిల్: మా పాత జీపు మరమ్మతుపై సమీక్ష

బంగారుపాళెం దగ్గర మా మామిడి తోటకు వెళ్లేది పేరుకే దారి. వానాకాలంలో వంక, మిగతా రోజుల్లో గుంతలు. తోతాపురి కోతలప్పుడు నిండా క్రేట్లతో అందులోంచి బయటపడాలంటే ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న మా పాత డీజిల్ జీపే దిక్కు. దాని బలం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, లాగుతుంది. చెప్పవలసింది దాని కింద నేల మీద పడే మరక గురించి. మరమ్మతు జరిగి సీజన్లు గడిచాయి కనుక, పెట్టిన డబ్బులో ఏది నిలిచిందో ఇప్పుడు చెప్పగలను.

చుక్క పడిన చోటే లీకు ఉండాలని లేదు. బండి పరుగులో గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది. అందుకే కిందంతా డీజిల్‌తో కడిగి, ఆరాక కొంత దూరం నడిపి, అన్నిటికన్నా పైన, ముందువైపు ఎక్కడ తడి మొదలైందో చూడాలి. డీజిల్ ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉంటుంది. గేర్ ఆయిల్ చిక్కగా, గంధకం వాసన వేస్తుంది. ఆ కంపు చేతికి అంటితే సబ్బుకు లొంగదు. మా జీపులో తడి ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టె) వెనుక, ఆ బలాన్ని యాక్సిల్‌కు మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను బిగించే ఇనుప ఫ్లాంజ్ దగ్గర మొదలైంది.

చిత్తూరులో ఒక షెడ్డులో అక్కడి సీల్, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, మార్చారు. కొన్ని వారాలకే మళ్లీ కారింది. ఇంకా ఖరీదైన సీల్ వేద్దామన్నారు. తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపున్న ఒక పెద్దాయన మాత్రం సీల్ జోలికి పోకుండా ముందు ట్రాన్స్‌ఫర్ కేస్ పైనున్న బ్రీథర్, అంటే లోపలి గాలి పోయే చిన్న దారి, విప్పారు. నిండా ఎండిన బురద. "సీల్ ఏం చేస్తుంది సార్, ముందు దీన్ని ఊపిరి తీసుకోనివ్వండి" అన్నారు. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. పైనుంచి పోయే దారి మూసుకుపోతే అది సీల్ అంచును తోసుకుని ఆయిల్‌తో సహా బయటికొస్తుంది. ఆ తర్వాత షాఫ్ట్‌ను పట్టి ఊపి బేరింగ్‌లో వదులు లేదని తేల్చుకున్నారు. ఫ్లాంజ్ విప్పితే, సీల్ రాసుకునే చోట గోరు తగిలేంత గాడి. ఆ గాడి మీద ఎంత మంచి సీల్ వేసినా ఆయిల్ ఆగదు.

గాడి మీద తొడిగిన పలుచని స్టీల్ స్లీవ్, దానితో వేసిన మామూలు నైట్రైల్ రబ్బరు సీల్ ఇప్పటికీ పొడిగానే ఉన్నాయి. మాన్యువల్ గేర్ల బండికి, ఎక్కువ వేడిని తట్టుకునే ఖరీదైన వైటాన్ రబ్బరు సీల్ అవసరం నాకు కనిపించలేదు. బ్రీథర్‌కు గొట్టం తగిలించి ఇంజిన్ గదిలో పైకి కట్టడం అన్నిటికన్నా చవకైన పని, నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది కూడా. వంకలో నీళ్లు ఎక్కువైనా లోపలికి పోవు. లీకు ఆపుతుందని అమ్మే సీసా మందు మాత్రం దండగ. అది రబ్బరును కాస్త ఉబ్బిస్తుందేమో కానీ, ఇనుములో పడిన గాడిని పూడ్చదు.

ఆయిల్ మార్చేవారు పాతది దించే ముందు నింపే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోవాలి. అది తుప్పుపట్టి బిగుసుకుపోతే, కింద ఖాళీ చేసిన బండి షెడ్డులోనే ఉండిపోతుంది. గేర్‌బాక్స్‌లో మట్టం తగ్గుతూ ట్రాన్స్‌ఫర్ కేస్‌లో పెరుగుతుంటే రెంటికీ మధ్యనున్న సీల్ పోయినట్టే, నేల మీద ఒక్క చుక్క కనబడకపోయినా. మా దాంట్లో ఆ సీల్ బాగానే ఉంది. ముందు యాక్సిల్ వైపు సీల్ దగ్గర మాత్రం ఈ మధ్య కొంచెం చెమ్మ కనిపిస్తోంది. కోతలు అయ్యేదాకా మట్టం చూసుకుంటూ నడుపుతాను.