బైకు డ్రై క్లచ్‌కి మోత తగ్గించే "సైలెంట్ కిట్" కొనబోతున్నవాళ్ళు డబ్బు కొట్టేముందు ఇది చదవండి

నాకు ఆ కిట్ అమ్మినాయన పేరు రాయను. పాత డుకాటీ బైకులున్న వాళ్ళకి ఆయనెవరో నేను చెప్పక్కర్లేదు, మనలో సగంమంది స్పేర్లు ఆయన దగ్గరే తెప్పించుకున్నాం. ఆ నమ్మకంతోనే 34,000 రూపాయలు ముందుగానే పంపేశాను. ఇంకా ఒళ్ళు మండిపోతోంది, అక్కడక్కడా మాట తూలితే ఏమనుకోకండి.

నాది 2009 మాన్‌స్టర్ 1100. తర్వాత వచ్చిన ఈవో మోడల్‌కి ఆయిల్లో మునిగే క్లచ్, నాదానికి ఆయిల్ తగలని పొడి క్లచ్, అదే డ్రై క్లచ్. లివర్ పట్టగానే రేకుడబ్బాలో మేకులు పోసి ఊపినట్టు మోత వస్తుంది. కొంత మోత దాని పుట్టుకలోనే ఉంది. లివర్ పట్టినప్పుడు ప్లేట్లు వదులైపోతాయి. ఆ ఇంజనుకేమో రెండు సిలిండర్లూ సమానంగా కొట్టవు, క్రాంకు 270 డిగ్రీలు తిరిగాక ఒకటి, ఇంకో 450 తిరిగాక ఒకటి. ఆ కుదుపులకి ఫ్రిక్షన్ ప్లేట్ల చెవులు, అంటే అంచున పొడుచుకొచ్చిన ముక్కలు, ఆ ప్లేట్లు కూర్చునే గిన్నె (బాస్కెట్) గాడుల్లో టకటకా కొట్టుకుంటాయి. మధ్యలో మెత్తగా ఆపడానికి ఆయిల్ ఉండదు. లివర్ వదిలేస్తే స్ప్రింగులు నొక్కిపెడతాయి, చప్పుడు ఆగుతుంది. ఇదంతా నాకు తెలుసు, ఆ చప్పుడంటే ఇష్టం కూడా. కానీ ఏళ్ళ తరబడి కొట్టుకుని గాడులు అరిగిపోయాయి, సందు పెరిగింది. ఆదివారం తెల్లారి అయిదింటికి భీమిలికి బయల్దేరితే అపార్ట్‌మెంట్ మొత్తం లేస్తోంది. పైఅంతస్తు మాస్టారు రెండుసార్లు కిందకి దిగొచ్చి అడిగారు.

అల్లిపురంలో నా బండి చూసే బాబాయ్ ముందే చెప్పాడు, "ఒరిజినల్ తెప్పించుకో బాబూ, రెండు నెల్లయినా పర్లేదు" అని. నేను ఆగలేకపోయాను. తప్పు అక్కడే జరిగింది, అది నాదే.

కిట్ వచ్చింది. బాస్కెట్, ఫ్రిక్షన్ ప్లేట్లు, స్టీలు ప్లేట్లు, ఆరు స్ప్రింగులు. "అన్నీ కొత్తవే సార్, చప్పుడన్నది వినపడదు" అన్నాడు. ప్లేట్ల అంచుల మీద జిడ్డుగా ఏదో తగిలింది. దారిలో తుప్పు పట్టకుండా రాసి ఉంటారనుకున్నాను. ఇంపాక్ట్ గన్ అద్దెకి తెచ్చి, నా చేతులతో నేనే బిగించుకున్నాను. మూడు రోజులు బండి పిల్లిలా ఉంది. ఆయనకి థాంక్స్ అని మెసేజ్ కూడా పెట్టాను. అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

నిన్న అప్పన్న దర్శనానికని మా ఆవిడతో సింహాచలం కొండెక్కుతున్నాను. మలుపులో గ్యాస్ ఇచ్చాను. ఇంజను గొంతు చించుకుంటోంది, బండి మాత్రం కదలట్లేదు. కాలిన వాసన. వెనక బస్సు హారన్ కొడుతోంది. రెండు బ్రేకులూ పట్టుకుని అలాగే నిలబడ్డాను, వదిలితే వెనక్కే. ఆవిడ దిగి, ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు పట్టుకుంటే పక్కకి లాగాం. ఆవిడని బస్సెక్కించి, బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని అల్లిపురం వెళ్ళాను.

బాబాయ్ కవర్ తీసి ఒక ప్లేటు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఏటి బాబూ ఇది? పొడి క్లచ్చికి గ్రీజు పూసినోడెవుడు?"

జరిగింది ఇదీ. కిట్‌లో వచ్చినవి పాత ప్లేట్లు. చెవులకి చిక్కటి గ్రీజు పట్టించాడు. అది ఉన్నన్నాళ్ళూ చెవి గాడికి తగిలినా మోత రాదు. క్లచ్ వేడెక్కేసరికి గ్రీజు కరిగి ప్లేట్ల మధ్యకి పాకింది, పట్టు పోయింది. జారి జారి స్టీలు ప్లేట్లు నీలంగా కమిలిపోయాయి. ఇక బాస్కెట్. బాబాయ్ గోటితో గీకితే నల్లరంగు లేచింది. కింద ఆకురాయి గీతలు. చెవులు కొట్టుకుని పడ్డ గుంటల్ని నున్నగా అరగదీసి రంగేశాడు. అలా అరగదీస్తే సందు ఇంకా పెరుగుతుంది. అంటే నేను తీసి పక్కన పెట్టిన నా పాత బాస్కెట్ కంటే ఇదే అధ్వాన్నం.

అమ్మినాయనకి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. ఫొటోలు పంపానని చెప్పాను. చూశానన్నాడు. మరి ఏమంటారని అడిగాను.

"చప్పుడు తగ్గాలన్నారు. తగ్గింది కదా సార్?"

గ్రీజెందుకు పూశారంటే, "నేనే పూశానని రుజువేంటి? ఆ మోత పడనివాళ్ళు స్కూటీ కొనుక్కోవాలి" అని పెట్టేశాడు. తర్వాత నెంబరు బ్లాక్ చేశాడు.

స్కూటీ మాటకి నాకు బాధ లేదు. "తగ్గింది కదా" అన్నాడే, అది రాత్రంతా నిద్రపోనివ్వలేదు. పొరపాటున పాత సరుకు పంపినవాడు ఆ మాట అనడు. గ్రీజు ఎన్నాళ్ళు ఆగుతుందో, ఆ తర్వాత ఏమవుతుందో ఇన్నేళ్ళుగా ఇవే అమ్ముతున్నవాడికి తెలియదా? కొండ మీద మా ఆవిడ వెనక కూర్చుని ఉంది. బ్రేకు ఒక్క క్షణం ఆలస్యమైతే మా వెనక బస్సు. డబ్బు పోతే పోయింది, ఈ మాట మాత్రం మరిచిపోలేను.

కొనేవాళ్ళు బాస్కెట్ గాడుల అంచులు దగ్గరగా ఫొటో తీసి పంపమని అడగండి. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తియ్యండి, నేను తియ్యలేదు. బిగించేముందు ప్లేట్ల అంచుల్ని తెల్లగుడ్డతో తుడిచి చూడండి, జిడ్డంటితే వెనక్కి పంపేయండి. గ్రీజు పీల్చుకున్న ఫ్రిక్షన్ ప్లేటుని క్లీనరు కొట్టి కడిగినా నమ్మడానికి లేదు. మోత నిజంగా తగ్గాలంటే కొత్త బాస్కెట్, దానికి కొత్త ప్లేట్లు కలిపి వెయ్యాలి. చిల్లుల కవర్ ఉంటే తీసి మూత కవర్ పెట్టండి, కొంత తేడా వస్తుంది. పైగా చిల్లుల కవర్ ఉంటే మన సముద్రపు గాలికి లోపలి స్టీలు ప్లేట్లు ఊరికే తుప్పు పడతాయి.

ఈ ఉదయం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఇలాగే మోసపోయినవాళ్ళుంటే మీరూ ఇవ్వండి. ఆ ప్లేట్లూ బాస్కెట్టూ పారెయ్యలేదు. విశాఖలో ఎంవీపీ కాలనీ వైపు వచ్చినవాళ్ళకి చూపిస్తాను, గాడిలో వేలు పెడితే ఆకురాయి గీతలు తగులుతాయి.